పరేల్‌లో ఉద్యోగం, పదివేల కిరాయి: లోకల్ రైల్లో వెళ్లిరావాలంటే ఎక్కడ ఉండాలి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ధర్మాబాద్ నుంచి ముంబై వెళ్తున్నారు. పరేల్‌లో ఒక ఆసుపత్రిలో అకౌంట్స్ పని, పొద్దున తొమ్మిదిన్నరకు హాజరు. ఇంట్లో భార్య, రెండేళ్ల పాప, మధ్యమధ్య వచ్చిపోయే అమ్మ. కిరాయి పదివేలు దాటకూడదు. భివండీలో మనోళ్లున్నారు, అక్కడికే రమ్మని మీ మేనమామ అంటున్నాడు. దోస్తు విరార్ అంటున్నాడు, ఆఫీసులో ఎవరో పన్వేల్ అన్నారు, ఫోన్‌లో వెతికితే బద్లాపూర్‌లో ఇళ్లు చౌకగా కనిపించాయి. ఏది ఎంచుకోవాలని అడిగారు.

నేను ధర్మాబాద్ వాణ్ణే. పెళ్లైన కొత్తలో కల్యాణ్‌లో, తర్వాత చాలా ఏళ్లు అంబర్‌నాథ్‌లో ఉండి రోజూ పరేల్ పక్క స్టేషన్ దాదర్ వెళ్లొచ్చాను. మన వైపు నుంచి వచ్చిన ఎందరికో ఇళ్లు చూపించాను. ముందే నా మాట చెప్పేస్తాను: అంబర్‌నాథ్ చూడండి, స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల్లో నడిచి చేరే ఇల్లు చూడండి. రెండోది బద్లాపూర్. కిరాయికి ఇంకో మూడు నాలుగు వేలు పెట్టగలిగితేనే కల్యాణ్. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు మీ ఆఫీసు మారినా లెక్క మీరే వేసుకోగలగాలి.

మొదట భివండీ సంగతి. మనోళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. మగ్గాల పని మీద తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగే వినిపిస్తుంది. పండక్కి, పెళ్లికి, ఆపదకు మనిషి దొరుకుతాడు. కాబట్టి మీ మామ మాటలో ప్రేమ ఉంది. కానీ ముంబై లోకల్ భివండీకి రాదు. భివండీ రోడ్ స్టేషన్ దివా-వసయీ లైను మీద ఉంది. ఆ లైనులో తిరిగే ప్యాసింజర్ బండ్లు చాలా తక్కువ, అవి దాదర్ వైపు పోవు. అంటే రోజూ రోడ్డు మీద కల్యాణ్‌కో థానేకో వచ్చి లోకల్ ఎక్కాలి. ఆ రోడ్డంతా గోదాముల లారీలే. వానాకాలంలో గుంతలు పడ్డాక ఆ కాస్త దూరానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. థానే-భివండీ-కల్యాణ్ మెట్రో పనులు నడుస్తున్నాయి, పూర్తిగా నడిచే రోజు వస్తే ఈ మాట మార్చుకుందాం. మీ పని భివండీలోనే అయితే వేరే ఊరి పేరే ఎత్తను. పరేల్‌కు మాత్రం వద్దు. ఆదివారం పోయి మామను చూసి రండి, అంబర్‌నాథ్ నుంచి పెద్ద దూరమేం కాదు.

విరార్ మాట మీ దోస్తు తెలియక చెప్పింది కాదు. పరేల్ స్టేషన్ సెంట్రల్ లైను మీదిది. దానికి ఆనుకునే, విరార్ పోయే పడమటి లైను స్టేషన్ ప్రభాదేవి ఉంది. 2018 దాకా దాన్ని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ అనేవాళ్లు. అంటే పరేల్‌కు రెండు లైన్ల నుంచీ రావచ్చు. విరార్ నుంచి దాదర్‌కు, కొన్ని స్టేషన్లలోనే ఆగే ఫాస్ట్ లోకల్‌లో గంటా ఐదు నిమిషాల మాట, విరార్ నుంచే బయలుదేరే బండ్లు బోలెడు. నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, వసయీ-విరార్ పల్లపు నేల. గట్టి వాన రెండు రోజులు పడితే గల్లీల్లో నీళ్లు నిలుస్తాయి, పట్టాలు కూడా మునుగుతాయి. రెండోది మన ఊరి బండ్ల సంగతి, అది కింద రాస్తాను. పన్వేల్ అయితే హార్బర్ లైను. ఆ లోకల్స్ అన్ని స్టేషన్లలో ఆగుతాయి, పరేల్ మీదుగా పోవు. కుర్లాలో దిగి సెంట్రల్ లైను పట్టుకోవాలి, లేదా శివడీలో దిగి రోడ్డున పోవాలి. పొద్దున తొమ్మిది గంటల వేళ కుర్లాలో వంతెనెక్కి ప్లాట్‌ఫారం మారడం రోజూ చేసే పని కాదు. పైగా నవీ ముంబై విమానాశ్రయం 2025 అక్టోబరులో ప్రారంభమైంది, ఆ చుట్టుపక్కల చౌక ఇల్లు ఇక దొరకడం కష్టం.

మిగిలింది సెంట్రల్ లైను. 1853లో దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు బోరీబందర్ నుంచి థానేకు నడిచింది ఈ దారిలోనే. ఈ లైను మొదలయ్యే సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి థానే 34 కిలోమీటర్లు, కల్యాణ్ సుమారు 54. కల్యాణ్‌లో లైను రెండుగా చీలుతుంది. ఒకటి టిట్వాలా మీదుగా కసారాకు, రెండోది ఉల్హాస్‌నగర్, అంబర్‌నాథ్, బద్లాపూర్ మీదుగా కర్జత్‌కు. థానే, ములుండ్ మీ పదివేలకు అందవు. అటువైపు చూడనే వద్దు.

కొత్తగా వచ్చినవాళ్లు మ్యాప్ తెరిచి దూరం చూస్తారు, తర్వాత కిరాయి చూస్తారు. డోంబివిలీ దగ్గర, బద్లాపూర్ దూరం, కాబట్టి డోంబివిలీ మేలు అనుకుంటారు. లోకల్‌లో ఆ లెక్క నిలబడదు. బద్లాపూర్ నుంచి, అంబర్‌నాథ్ నుంచి, కల్యాణ్ నుంచి నిండుకుంటూ వచ్చిన బండి డోంబివిలీకి చేరేసరికి తలుపు దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడి నుంచే మొదలయ్యే బండ్లు ఉన్నాయి గానీ వాటి కోసం జనం అంతకన్నా ఎక్కువ. కల్యాణ్‌దీ దాదాపు అదే కథ. డోంబివిలీ నుంచి ఇరవై కిలోమీటర్లు వెనక్కి బద్లాపూర్ పోతే ప్రయాణం పాతిక నిమిషాలు పెరుగుతుంది, కానీ కూర్చుని పోవచ్చు. దాదర్ దాకా గంటా పావు కూర్చుని పోయిన మనిషికి, యాభై నిమిషాలు కడ్డీకి వేలాడి పోయిన మనిషికి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎంత తేడా ఉంటుందో మీ పాపను ఎత్తుకునేటప్పుడు తెలుస్తుంది.

కాబట్టి స్టేషన్ ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది, 'ఇక్కడి నుంచే మొదలయ్యే లోకల్స్ నేను పోయే టైముకు ఉన్నాయా?' అని. అంబర్‌నాథ్ నుంచి ఉన్నాయి, బద్లాపూర్ నుంచి ఉన్నాయి, టిట్వాలా నుంచి కూడా ఉన్నాయి. రైల్వే టైంటేబుల్లో ఏడున్నర నుంచి ఎనిమిదింపావు మధ్య బయలుదేరేవి రాసుకోండి. ఫాస్ట్ ఏది, అన్ని స్టేషన్లలో ఆగే స్లో ఏది విడిగా రాయండి. ఒకటి తప్పితే ఇంకొకటి ఎంతసేపటికి ఉందో చూడండి.

ఫాస్ట్ లోకల్స్ మామూలుగా పరేల్‌లో ఆగవు. దాదర్‌లో దిగి ఒక్క స్టేషన్ స్లోలో పోవాలి. లేదంటే అంబర్‌నాథ్ నుంచే స్లో ఎక్కి నేరుగా పరేల్‌లో దిగాలి, దానికి గంటన్నర దాటుతుంది. పొద్దున ఫాస్ట్‌లో పోండి. సాయంత్రం సంగతి వేరు, అక్కడే పరేల్ ఉద్యోగికి ఒక మంచి వీలుంది. 2019 మార్చిలో పరేల్‌ను టెర్మినస్ చేశారు, అప్పటి నుంచి కొన్ని లోకల్స్ అక్కడి నుంచే మొదలవుతాయి. ఖాళీ బండి వచ్చి నిలబడుతుంది, పది నిమిషాల ముందు ప్లాట్‌ఫారం మీద ఉంటే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. అది స్లో, పైగా చాలావరకు కల్యాణ్ దాకానే, అక్కడ మారాలి. అయినా రోజంతా లెక్కలు రాసిన కళ్లకు కూర్చుని పోవడమే మేలని నేనంటాను. దాదర్‌లో సాయంత్రం ఆరున్నరకు బద్లాపూర్ ఫాస్ట్ ఎక్కడం ఎలా ఉంటుందో ఒకసారి చూసి మీరే నిర్ణయించుకోండి.

మీకు కొత్తగా అనిపించే మాట ఒకటుంది, 'రిటర్న్'. అంబర్‌నాథ్‌లో, ఉల్హాస్‌నగర్‌లో ఉండేవాళ్లు కొందరు పొద్దున ఎదురు దిక్కు బండెక్కి బద్లాపూర్ పోతారు. అదే బండి అక్కడ తిరిగి ముంబైకి బయలుదేరుతుంది, వాళ్లు లేవకుండా అలాగే కూర్చుంటారు. మీరూ అలా చేయాలనుకుంటే పాస్ బద్లాపూర్ నుంచి తీసుకోండి, తేడా కొద్ది రూపాయలే. అంబర్‌నాథ్ పాస్‌తో బద్లాపూర్‌లో టీసీకి దొరికితే జరిమానా పడుతుంది. ఇంకో మర్యాద కూడా ఉంది. ముగ్గురు కూర్చునే బెంచీ మీద నాలుగో మనిషికి చోటిస్తారు, దాన్ని 'ఫోర్త్ సీట్' అంటారు. థానే వచ్చేసరికి ఎవరైనా నిలబడి ముఖం చూస్తే మూడోవాడు కాస్త లోపలికి జరుగుతాడు. మీరు కూడా జరగండి. రోజూ అదే డబ్బా, అదే మనుషులు. నెల తిరిగేసరికి మీ కోసం చోటు ఆపేవాళ్లు తయారవుతారు. మనకు మరాఠీ వచ్చు కాబట్టి ఆ గుంపులో కలవడం హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకంటే సులువు.

తలుపు దగ్గర మాత్రం వేలాడవద్దు. ఇది మీ భార్య ముందు కూడా చెబుతాను. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర వంపులో, ఎదురెదురుగా పోతున్న రెండు లోకల్స్ తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు ఒకరికొకరు తగిలి కింద పడ్డారు, ప్రాణాలు పోయాయి.  ఆ బండి పోతే పోనీ, ఆఫీసులో అరపూట జీతం కోసినా సరే.

ఇక డబ్బు. ముంబైలో రైలు అన్నిటికంటే చౌక. అంబర్‌నాథ్ నుంచి పరేల్‌కు సెకండ్ క్లాస్ నెల పాస్ నాలుగు వందలు దాటదు, మూడు నెలలది ఒక్కసారి తీస్తే ఇంకా కొంత తగ్గుతుంది. ఏసీ లోకల్ పాస్ రెండు వేల రూపాయల మాట, బండ్లూ తక్కువ. మీ జీతానికి ఇప్పుడే అది వద్దు. డబ్బు పోయేది రైలు దగ్గర కాదు, ఇంటికీ స్టేషన్‌కూ మధ్య. అక్కడ ఆటోను రిక్షా అంటారు, షేర్ రిక్షాలో తలకు ఇరవై రూపాయలనుకోండి. పోను రాను నలభై, నెలకు ఇరవై ఐదు రోజులు, వెయ్యి రూపాయలు. అంటే పరేల్ దాకా రైలుకు పెట్టిన దానికి రెండింతలు పైన, రెండు కిలోమీటర్ల రిక్షాకు పోయింది. పొద్దున రిక్షా లైనులో నిలబడే పావుగంట, వానాకాలంలో రిక్షాలు దొరకని సాయంత్రాలు వేరే. కాబట్టి స్టేషన్‌కు దూరంగా కొత్త కాంప్లెక్స్‌లో తొమ్మిది వేల ఇల్లు, దగ్గర్లో పాత బిల్డింగులో పదివేల ఇల్లు ఉంటే రెండోది తీసుకోండి. బిల్డర్లు బోర్డు మీద 'స్టేషన్ నుంచి 10 నిమిషాలు' అని రాస్తారు. అది బండి మీద పది నిమిషాలు. మీరు కాళ్లతో నడిచి చూడండి.

అంబర్‌నాథ్, బద్లాపూర్ రెండింటిలో నేను మొదటిది అనడానికి కారణం నది. బద్లాపూర్ పక్కనే ఉల్హాస్ నది పారుతుంది. 2019 జులైలో ఆ నది పొంగి బద్లాపూర్-వంగణీ మధ్య మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ నీళ్లలో నిలిచిపోయింది, వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవల్లో దించాల్సి వచ్చింది. మీరు టీవీలో చూసే ఉంటారు. బద్లాపూర్ అంతా మునగదు. పడమర వైపు నదికి దగ్గరగా ఉన్న పల్లపు కాలనీలకే ఆ భయం. అక్కడ ఇల్లు చూస్తే కింది అంతస్తు వాళ్లను అడగండి, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూపిస్తారు. వంగణీ, నేరళ్ ఇంకా చౌక, గాలి కూడా బాగుంటుంది. కానీ బద్లాపూర్ దాటాక కర్జత్, ఖోపోలీ బండ్లు మాత్రమే పోతాయి. ఒకటి తప్పితే ప్లాట్‌ఫారం మీదే కూర్చోవాలి. పాప ఉన్న ఇంటికి అంత దూరం వద్దు.

అంబర్‌నాథ్‌లోనూ అన్ని చోట్లూ ఒకటి కావు. ఎంఐడీసీ, అంటే ప్రభుత్వ పారిశ్రామికవాడ వైపు రసాయనాల కర్మాగారాలున్నాయి, రాత్రిపూట ఘాటు వాసన వస్తుంది. 2024 మేలో డోంబివిలీ ఎంఐడీసీలో ఒక రసాయన కర్మాగారంలో జరిగిన పేలుడుకు చుట్టూ ఇళ్ల కిటికీలు పగిలాయి. కాబట్టి ఎంఐడీసీ గోడ పక్క ఇల్లు ఎంత చౌకైనా వద్దు. శివాలయం వైపు, పాత మార్కెట్ వైపు చూడండి. ఆ గుడి 1060 నాటిది, రాతి మీద చెక్కడం చూసి మీ అమ్మ సంతోషపడుతుంది. సోమవారం పూట పోయొస్తుంది.

నీళ్ల గురించి గట్టిగా అడగండి. అక్కడ నీళ్లిచ్చేది మహారాష్ట్ర జీవన్ ప్రాధికరణ్ అనే ప్రభుత్వ సంస్థ. ఎండాకాలంలో కోతలుంటాయి. ఇల్లు చూడటానికి పోయినప్పుడు ఏజెంటును కాదు, మెట్ల మీద కనిపించిన ఆడవాళ్లను అడగండి: నీళ్లు ఏ టైముకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, మే నెలలో ట్యాంకర్ తెప్పించారా, తెప్పిస్తే ఇంటికి ఎంత పడింది. పొద్దున ఎనిమిదికి నీళ్లొచ్చే బిల్డింగయితే, మీరు రైల్లో ఉన్న సమయంలో పాపను ఒక చంకన పెట్టుకుని డ్రమ్ము నింపేది మీ భార్య. అందుకే ఇల్లు చూడటానికి ఆమెను తీసుకుపోండి. చాలామంది ఒక్కరే పోయి కిరాయి మాట్లాడేసి వస్తారు. లోకల్‌లో పోయేది ఒకరైనా ఆ ఊళ్లో రోజంతా ఉండేది ఆమె. కూరగాయలెక్కడ, పిల్లల డాక్టర్ ఎంత దూరం, కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా, చూడాల్సింది ఆమె కళ్లతోనే.

టిట్వాలా గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. వినాయకుడి గుడి ఉన్న ఊరు, కిరాయిలు తక్కువ. అయితే కల్యాణ్-కసారా మధ్య ఉన్న రెండు లైన్ల మీదే లోకల్స్, నాసిక్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ నడుస్తాయి. మూడో లైను పని సాగుతోంది. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే లోకల్‌ను పక్కన ఆపుతారు. మంగళవారం నాడు పడే సంకష్ట చవితి, అంగారకి చతుర్థి వస్తే స్టేషన్‌లో అడుగు పెట్టలేరు. మూడో ఎంపికగా పెట్టుకోండి.

ఇప్పుడు మన ఊరి బండ్లు. ధర్మాబాద్ మీదుగా వచ్చే దేవగిరి, నాందేడ్ నుంచి వచ్చే తపోవన్, కిన్వట్-ఆదిలాబాద్ వైపు వాళ్లు ఎక్కే నందిగ్రామ్, ఇవన్నీ మన్మాడ్, కసారా మీదుగా కల్యాణ్ వచ్చి ఆగుతాయి. మీ అమ్మ ఒక్కతే ఎక్కినా పొద్దున్నే కల్యాణ్‌లో దిగితే, మీరు అంబర్‌నాథ్ నుంచి పావుగంటలో చేరి ఎదురెళ్లి తీసుకురావచ్చు. ఆ వేళ లోకల్ ఖాళీగానే ఉంటుంది. విరార్‌లో ఉంటే ఆమెను దాదర్‌లో దింపి, పడమటి లైనుకు మార్చి, మూటలతో మళ్లీ గంట తీసుకుపోవాలి. పన్వేల్‌కు నాందేడ్ నుంచి ఒక బండి ఉంది గానీ అది లాతూర్, పుణె మీదుగా తిరిగి వస్తుంది. ఊళ్లో ఎవరికైనా బాగాలేదని రాత్రి ఫోనొస్తే ఏ స్టేషన్‌లో ఉన్నామన్నది చిన్న విషయం కాదు. కల్యాణ్ చుట్టుపక్కల ఉండమని నేను మన వైపు వాళ్లందరికీ చెప్పడానికి ఇది పెద్ద కారణం. షోలాపూర్ మనోళ్లకూ అంతే, వాళ్ల సిద్ధేశ్వర్ కర్జత్ వైపు నుంచి వచ్చి కల్యాణ్‌లోనే ఆగుతుంది.

కాగితాల దగ్గర మొహమాటపడొద్దు. మహారాష్ట్రలో 'లీవ్ అండ్ లైసెన్స్' అనే కిరాయి ఒప్పందం రాసుకుంటారు, మామూలుగా పదకొండు నెలలకు. దాన్ని రిజిస్టర్ చేయించాలని 1999 నాటి కిరాయి చట్టమే చెబుతోంది. ఇంటి యజమాని 'స్టాంపు కాగితం మీద సంతకం చాలు' అంటే ఒప్పుకోకండి. డిపాజిట్ డబ్బు ఒప్పందంలో అంకెల్లో కనిపించాలి, చేతికివ్వకుండా బ్యాంకులో వేయండి. పోలీస్ వెరిఫికేషన్ కూడా చేయించండి. బిల్డింగుకు అనుమతి ఉందా అని అడగడం కిరాయిదారుకు కూడా అవసరమే. డోంబివిలీ వైపు దొంగ పత్రాలతో కట్టిన 65 భవనాలను కూల్చమని బొంబాయి హైకోర్టు 2024లో చెప్పింది, అందులో కాపురాలున్నవాళ్ల గతి అందరూ చూశారు. కొత్త బిల్డింగయితే మహారెరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే రాష్ట్ర సంస్థ) నంబరు అడిగి వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. నంబరు ఉందని బోర్డు మీద రాస్తే సరిపోదు.

చూడటానికి ఆదివారం పోకండి. ఆదివారం సెంట్రల్ లైనులో పట్టాల మరమ్మతు కోసం మెగాబ్లాక్ ఉంటుంది, బండ్లు తగ్గుతాయి, జనం తీరు కూడా వేరు. మంగళవారమో బుధవారమో పోండి. ముందు రాత్రి భివండీలో మామ ఇంట్లో పడుకుని, పొద్దున ఏడున్నరకు అంబర్‌నాథ్ ప్లాట్‌ఫారం మీద ఉండండి. నిజంగా ఉద్యోగానికి పోతున్నట్టే టిఫిన్ డబ్బా, బ్యాగు పట్టుకుని ఎక్కండి. పరేల్‌లో దిగి ఆసుపత్రి గేటు దాకా నడవండి, టైము రాసుకోండి. మధ్యాహ్నం తిరిగొచ్చి ఇళ్లు చూడండి. వీలైతే మళ్లీ సాయంత్రం ఆరుకు పరేల్ వెళ్లి ఎక్కి రండి. ఒక రోజు కూలి పోతుంది, పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ మాత్రం పెట్టాలి.

మీ ఆసుపత్రి పరేల్ స్టేషన్‌కు తూర్పు వైపా, ప్రభాదేవి దాటి పడమర వైపా అన్నది రాయలేదు. రెండు వైపులనూ కలిపే ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు వంతెనను కూల్చి కొత్తది కట్టడానికి 2025 సెప్టెంబరులో మూసేశారు, అప్పటి నుంచి అటు ఇటు దాటాలంటే కాలి వంతెనలే దిక్కు. పడమర అయితే దాదర్‌లో దిగి పడమటి లైను స్లోలో ప్రభాదేవి పోవడం కూడా చూడాలి. ఆ సంగతి, మీ భార్య కూడా ముందు ముందు ఉద్యోగం చేయాలనుకుంటోందా అన్న సంగతి రాస్తే, అంబర్‌నాథ్ తూర్పా పడమరా, ఏ గల్లీల్లో వెతకాలో చెబుతాను.